చేయి చాచిన మనిషిని చూసి భయపడ్డాను

మాస్టర్స్‌ కోసం ఇంగ్లండ్ బయల్దేరేటప్పుడు నాకు జాగ్రత్తలు చెప్పనివాళ్లు లేరు. కన్సల్టెన్సీ వాళ్లు బ్యాంకు అకౌంటు గురించి చెప్పారు. ఆవకాయ సీసాకు ఎన్ని కవర్లు చుట్టాలో అమ్మ చెప్పింది. బర్మింగ్‌హామ్‌లో రాత్రి పదకొండింటికి షిఫ్టు ముగించుకుని వస్తుంటే, ఏటీఎం పక్కన దుప్పటి కప్పుకుని కూర్చున్న మనిషి ‘చిల్లర ఉందా?’ అని అడిగితే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

నవ్వొచ్చే విషయమే. నేను విజయవాడలో పెరిగినదాన్ని. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర, కొండ మెట్ల దగ్గర చేయి చాచేవాళ్లను చూస్తూనే పెరిగాను. ఏనాడూ భయం వేయలేదు. ఎందుకంటే అక్కడ చుట్టూ జనం ఉంటారు, భాష మనది, గట్టిగా ‘ఏయ్’ అంటే పది మంది తిరిగి చూస్తారు. బర్మింగ్‌హామ్‌లో డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. రాత్రి వీధిలో మనం, ఆ మనిషి, అంతే. అతని యాసలో సగం అర్థం కాదు.

నేనేం చేసేదాన్నంటే, తల దించుకుని, చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పరుగులాంటి నడకతో దాటేసేదాన్ని. ఒకరోజు ఆయన లేచి వెనకనుంచి అరిచాడు. ఏమన్నాడో తెలీదు. రూముకు చేరేసరికి చేతులు వణుకుతున్నాయి. రెండు వారాలు లేట్ షిఫ్టులు మానేశాను. క్లాసులు జరిగే రోజుల్లో స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలే పనిచేయాలి. అందులో సగం పోతే అద్దె ఎక్కడి నుంచి వస్తుంది? అమ్మకు చెబితే వచ్చెయ్ అంటుంది. ఫ్రెండ్స్‌కు చెబితే ‘బిచ్చగాడికి భయపడ్డావా?’ అని నవ్వుతారు. అందుకే నోరు మూసుకున్నాను. నేను చేసిన అసలు తప్పు ఇదే.

చివరికి ఫ్లాట్‌లో ఉండే నల్గొండ అక్కకు చెప్పాను. ‘అట్ల తల దించుకుని ఉరికితే ఎట్ల చెల్లీ? మనిషిని మనిషిలెక్క చూడు. సారీ, క్యాష్ లేదు అని చెప్పి ఆగకుండ నడువు’ అంది. మర్నాడు అలాగే చెప్పాను. ‘నో వర్రీస్, బాబ్’ అన్నాడాయన. ‘బాబ్’ అనేది ఆ ఊళ్లో ఆప్యాయంగా పిలిచే పిలుపని తర్వాత తెలిసింది!

అలాగని అందరూ అలాగే ఉంటారని చెప్పను. ఇంకోసారి డబ్బు తీస్తుంటే ఒకతను భుజం పక్కకొచ్చి నిలబడ్డాడు. వద్దన్నా కదల్లేదు. కార్డు వెనక్కి తీసుకుని పక్క షాపులోకి వెళ్లి స్టాఫ్‌కు చెప్పాను. బస్సు వచ్చేదాకా లోపలే ఉండమన్నారు. అడగడం వేరు, బెదిరించడం వేరు. వెంటపడినా, దారికి అడ్డం నిలబడినా, చేయి వేసినా మొహమాటం వద్దు, 999కు ఫోన్ చేయండి. ప్రమాదం దాటిపోయాక చెప్పడానికి 101 ఉంది. యూనివర్సిటీ సెక్యూరిటీ నంబరు మొదటి రోజే సేవ్ చేసుకోండి. నాన్న ఇచ్చిన పౌండ్లన్నీ పర్సులో పెట్టుకుని తిరగకండి. ఎంత జాలేసినా వీధిలో పర్సు తెరవకండి.

మన తెలుగు గ్రూపుల్లో రెండే మాటలు వినిపిస్తాయి. ‘ఆ ఏరియా మొత్తం డ్రగ్స్ బ్యాచ్, అటు వెళ్లొద్దు’ అనేవాళ్లు కొందరు. ‘పాపం పేదవాళ్లు, భయమెందుకు?’ అనేవాళ్లు కొందరు. రాత్రి పదకొండింటికి ఒంటరిగా నడిచే అమ్మాయికి ఈ రెండూ పనికిరావు. ఇంగ్లండ్‌లో అడుక్కోవడాన్ని నేరం చేసింది 1824 నాటి చట్టం. దాన్ని రద్దు చేయాలని పార్లమెంటు 2022లో నిర్ణయించింది. చట్టం ఉన్నా లేకపోయినా ఆ చలిలో మనుషులు కూర్చునే ఉన్నారు. డబ్బివ్వాలా వద్దా అనేది మీ ఇష్టం. ప్రతి పౌండునూ వందతో గుణించుకునే రోజుల్లో నేనైతే ఇవ్వలేదు, ఒకట్రెండుసార్లు అడిగి టీ కొనిచ్చాను. ఎవరైనా వీధిలో పడుకుంటుంటే స్ట్రీట్‌లింక్‌కు చెప్పొచ్చు, స్థానికంగా సాయం చేసేవాళ్లకు సమాచారం వెళ్తుంది.

కన్సల్టెన్సీలు పెట్టే సెషన్లలో దీనికి పది నిమిషాలు కేటాయిస్తే ఏం పోతుంది? వాళ్లు చెప్పకపోతే మీరే అడగండి. అక్కడున్న సీనియర్‌ను అద్దె ఎంత అని అడిగే ముందు, రాత్రి షిఫ్టయ్యాక ఏ దారిలో ఇంటికొస్తారో అడగండి. నేను అద్దె ఒక్కటే అడిగాను.