పాట అప్పజెప్పితే చాలదు, ఆడించాలి

ఊరి అంగన్‌వాడీకి నలుగురు పెద్దలు వస్తే చాలు, పసిపిల్లలను వరుసగా నిలబెట్టి, చేతులు కట్టించి, ఇంగ్లీషు పాట చెప్పించడం పల్లెల్లో కూడా మామూలైపోయింది. సాధారణంగా వినబడేది వానను పొమ్మని, మరో రోజు రమ్మని చెప్పే పాట. పిల్లలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పుతారు. పెద్దలు చప్పట్లు కొడతారు. తల్లిదండ్రుల ముఖాలు వెలిగిపోతాయి. కాని ఆ పాటలో పొమ్మంటున్నది ఎవరినో, ఎందుకో అడిగితే జవాబు చెప్పగలిగే పిల్లలు అరుదు.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో వానను పొమ్మనడమే విడ్డూరం. రెండు నదులు పక్కనే పారుతున్నా, మెట్టచేల రైతు ఆకాశం వంకే చూస్తాడు. వానలు లేక బతుకుదెరువు కోసం దేశమంతా తిరిగిన పాలమూరు కూలీల కథ ఇక్కడి ఇంటింటికీ తెలిసినదే. వాన మొగం చాటేసిన ఏట పిల్లలు రోకలికి కప్పను, వేపకొమ్మలను కట్టి, కప్పతల్లి ఆట ఆడుతూ గడపగడపకూ తిరిగేవారు. తల్లులు బిందెలతో నీళ్లు పోసేవారు. వానను పిలిచే ఆ ఆటలో పాట ఉంది, నడక ఉంది, నీటి చల్లదనం ఉంది, ఊరి కష్టం ఉంది. పిల్లవాడికి అర్థం చెప్పవలసిన పని లేదు. అర్థం వాడి ఒంటిమీదే పడేది.

ఇంగ్లీషు పాటను తప్పుపట్టనక్కర లేదు. ముసురు వదలని ఇంగ్లండులో 17వ శతాబ్దం నాటికే అలాంటి పాట పిల్లల నోట ఉన్నది. అక్కడి పిల్లలకు అది ఇంటి పాట. తప్పంతా పాటను మోతబరువుగా మార్చడంలో ఉంది. ఏ భాష పాటైనా సరే, ఆట లేకుండా, అర్థం లేకుండా అప్పజెప్పిస్తే అది చిలకపలుకే అవుతుంది.

పిల్లల పాటలు కేవలం కాలక్షేపానికి కాదు. ఇంగ్లండులో పీటర్ బ్రయంట్, ఆయన సహచరులు 64 మంది పిల్లలను మూడేళ్ల వయసు నుంచి ఆరేళ్ల దాకా గమనించి 1989లో ఫలితాలు ప్రకటించారు. మూడేళ్ల వయసులో పిల్లల పాటలు బాగా వచ్చినవారు ఆ తరువాత మాటల్లోని ధ్వనులను బాగా గుర్తుపట్టగలిగారు. చదవడంలోనూ ముందున్నారు. అయితే ఆ పిల్లలు నేర్చినవి తమ ఇంటి భాషలోని పాటలు. ఈ సంగతి మరువరాదు.

మన ఇళ్లలో అలాంటి పాటకు కొదువ లేదు. అన్నం తినని బిడ్డకు చందమామను చూపి పాడే పాట తెలియని తల్లి ఉండదు. అన్నమయ్య అంతటివాడు చందమామను పిలుస్తూ సంకీర్తన రాశాడు. ఈ ఒక్క పాటతో అంగన్‌వాడీలో వారం రోజుల చదువు చెప్పవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు.

పున్నమికి ముందు వారం ఎంచుకుంటే మేలు. ఆ రోజుల్లో చందమామ పొద్దుగూకే వేళకే ఆకాశంలో ఉంటాడు. పిల్లలు నిద్రపోకముందే కనబడతాడు. మొదటిరోజు టీచరు పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి, చేతులాడిస్తూ పాడితే చాలు. ఎవరినీ అప్పజెప్పమని అడగరాదు. రెండోరోజు పాటలో వచ్చే వస్తువులను తెచ్చి పిల్లల చేతికి ఇవ్వాలి. పట్టుకుని, వాసన చూసి, పేరు చెప్పిన వస్తువు మరుపురాదు. మూడోరోజు బంకమట్టితో గుండ్రని చందమామను చేయించాలి. మట్టి పిసికిన వేళ్లే రేపు బలపం పట్టాలి. ఇంటికి పోయేముందు ఒక పని అప్పగించాలి. రాత్రి అమ్మతో కలిసి చందమామను చూసి రమ్మనాలి.

నాలుగోరోజు ఆ ముచ్చట వినాలి. చందమామ సగం జొన్నరొట్టెలా ఉన్నాడని ఒకరంటారు. మబ్బు చాటున ఉన్నాడని మరొకరంటారు. చూసినదాన్ని నలుగురిలో చెప్పడమే భాష. రోజురోజుకూ రొట్టె పెరుగుతున్నదని గమనించడమే లెక్క, సైన్సు. అయిదోరోజు ధ్వనుల ఆట. చందమామ అనే మాటకు నాలుగు చప్పట్లు. ఎవరి పేరుకు ఎన్ని చప్పట్లో వారే కొట్టి చూసుకోవాలి. ‘చ’తో మొదలయ్యేవి ఇంట్లో ఏమున్నాయంటే చేట, చెంబు, చీపురు, చింతపండు అని తలా ఒకటి అందిస్తారు. అక్షరం కంటికి కనబడకముందే చెవికి పరిచయమవుతుంది. ఆరోరోజు పాటలో చందమామను తీసి, ఆ చోట ఆవునో, కోడిపిల్లనో, ఊరికి వచ్చే బస్సునో పెట్టి పిలవమనాలి. పిల్లలు పగలబడి నవ్వుతారు. తమ సొంత పాట కట్టుకుంటారు. పాట వచ్చిందనడానికి అసలైన గుర్తు అదే.

నోరు విప్పని పిల్లవాడు ప్రతిచోటా ఒకడుంటాడు. వాడిని లేపి పాడమంటే మరింత ముడుచుకుపోతాడు. మట్టి చందమామ ఉన్న పళ్లెం వాడి చేతికిచ్చి నడుమ నిలబెడితే, నాలుగో రోజుకు వాడి పెదవులు వాటంతటవే కదులుతాయి.

రాయచూరు పక్కనే ఉన్నందున నడిగడ్డ పల్లెల్లో తెలుగులో కన్నడం కలిసి వినబడుతుంది. పిల్లవాడు ఇంట్లో పలికే మాటను తప్పని కొట్టివేయరాదు. ముందు వాడి మాట, తరువాత పుస్తకం మాట. ఈ వరుస తప్పితే పిల్లవాడికి బడి పరాయిచోటుగా తోస్తుంది.

తల్లిదండ్రుల వాదన కూడా కొట్టిపారేయదగినది కాదు. 2022-23 నుంచి రాష్ట్రంలోని సర్కారు బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం వచ్చింది. రేపు ఇంగ్లీషులో చదవవలసిన పిల్లలకు ఇప్పుడు తెలుగు పాటలెందుకని వారడుగుతున్నారు. అందుకే మూడేళ్ల పిల్లలను కూడా ఆటోల్లో కుక్కి, ఫీజులు కట్టి, దూరపు నర్సరీలకు పంపుతున్నారు. కాని ధ్వనులను విడదీసి వినగలిగిన చెవికి ఏ భాషైనా సులువవుతుంది. మాట అర్థమవుతుందనే ధైర్యం కలిగిన పిల్లవాడు కొత్త భాషకు జంకడు. 2020 జాతీయ విద్యావిధానం వీలైనచోటల్లా కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలో బోధించాలని చెప్పింది. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 2022లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళిక కూడా ఆటపాటల చదువునే కోరింది. ఇంగ్లీషు పాట వద్దని ఎవరూ అనడం లేదు. తెలుగు పాటతో ఆడుకున్న పిల్లలకు ఇంగ్లీషు పాటనూ అలాగే ఆడించి నేర్పవచ్చు.

ఇది పాటతో ఆగే విషయం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి జోగుళాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యత సుమారు 50 శాతమే. పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగు పనులు మొదలైతే తల్లులు తెల్లవారకముందే చేలకు పోవాలి. పసివాడు అంగన్‌వాడీకి పోనని మారాం చేస్తే, వాడిని చంకనేసుకుని ఇంటిపట్టున ఉండేది ఎనిమిదేళ్ల అక్క. తమ్ముడికి అంగన్‌వాడీ నచ్చకపోతే అక్క బడి మానుతుంది. ఆట ఉన్నచోటికి పిల్లలు పరుగెత్తి వస్తారు. కాబట్టి ఆ ఇంట్లో ఒక మంచి పాట ఇద్దరు పిల్లల చదువును నిలబెట్టవచ్చు.

సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న ప్రారంభమైన నాటి నుంచీ పూర్వ ప్రాథమిక విద్య అందులో భాగమే. అయినా అంగన్‌వాడీ అంటే గుడ్డు, పప్పన్నం పెట్టేచోటని మాత్రమే చాలామంది అనుకుంటారు. తనిఖీకి వచ్చే అధికారులు పిల్లలు ఎన్ని పాటలు అప్పజెప్పారని కాక, ఒక్క పాటతో ఎన్ని పనులు చేశారని అడగాలి. రిజిస్టర్ల బరువు తగ్గించి, టీచర్లకు పిల్లలతో ఆడే తీరిక కల్పించాలి. నెలకొకసారి ఊళ్లోని అవ్వను పిలిచి ఆమెకు వచ్చిన పాట పాడించుకోవాలి. ఆ అవ్వ పోతే పాట కూడా పోతుంది.

గుజరాతులో గిజూభాయి 1920లో భావనగరులో బాలమందిరం పెట్టి, ఆటపాటలు, కథలే పసిపిల్లల చదువని చేసి చూపాడు. గద్వాల సీమలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధాలతో సరిపెట్టక, జనం తిండిని, బట్టను, ఆటలను కూడా చరిత్రగా లెక్కించారు. 1955లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన గ్రంథమది. ఆయన పుట్టిన గడ్డమీద పిల్లల ఆటపాటలను చిన్నచూపు చూడడం తగదు.

ఈ మార్పుకు కొత్త భవనాలు, కొత్త బొమ్మలు రానవసరం లేదు. సాయంత్రం పిల్లవాడు ఇంటికి రాగానే ‘ఎన్ని పాటలు వచ్చాయి?’ అని కాక, ‘ఇవాళ ఏం ఆడించారు?’ అని తల్లిదండ్రులు అడగడం మొదలుపెట్టాలి. ఆ తరువాత వాకిట్లో నిలబడి బిడ్డతో కలిసి ఒకసారి చందమామ వంక చూడాలి.