తత్సమమా, తద్భవమా?

షామీర్‌పేటలో నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయం దారిన వెళ్ళినప్పుడల్లా, తెలుగు పండితుణ్ణి కనుక, నాకు వ్యాకరణమే స్ఫురిస్తుంది.

దేశాల మధ్య కుదిరిన ఒడంబడికను మన చట్టంగా మలచే అధికారం 253వ అధికరణం పార్లమెంటుకిచ్చింది. అది తద్భవం. 2000లో హిమాయత్‌సాగర్ చేరువలోని పరిశ్రమ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు మరో దారి పట్టింది. 1977 నాటి ఐక్యరాజ్యసమితి జలసదస్సు తీర్మానాన్ని ఉటంకించి, తాగునీటి హక్కును 21వ అధికరణపు జీవించే హక్కులో చేర్చింది. సంస్కృతపదానికి డుమువులు చేర్చి తత్సమం చేసుకున్నట్లు! పరిశ్రమకు ప్రభుత్వమిచ్చిన మినహాయింపు చెల్లలేదు. (తీర్పరి జస్టిస్ జగన్నాధరావుగారు తెలుగువారే.)

సంతోషమే, తృప్తి మాత్రం లేదు. ఆ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 1996లో 111వ ఉత్తర్వు విధించిన ఆంక్షలను 2022లో 69వ ఉత్తర్వు సడలించింది. ఉత్తర్వును ఉత్తర్వే మింగింది. కనుక తాగునీటి హక్కును పార్లమెంటు శాసనంగానే రాయాలంటాను. మిత్రులేమంటారు?