కొలతకు కాపలా ఎవరు?

మందు అనగానే మనకు మాత్రలే గుర్తొస్తాయి. కాని క్యాన్సర్‌కూ కీళ్ళవాతానికీ నేడు వాడుతున్న ప్రొటీన్ మందులు అనేకం బతికి ఉన్న కణాలు తయారుచేసి ఇచ్చేవే. చైనీస్ హామ్‌స్టర్ అనే ఎలుకజాతి జంతువు అండాశయం నుంచి 1957లో వేరుచేసిన కణాల సంతతిదే ఈ పనిలో అగ్రస్థానం. పెద్ద పెద్ద తొట్టెల్లో, 37 డిగ్రీల దగ్గర, సుమారు రెండు వారాలపాటు వాటిని పెంచుతారు.

అవి బహు సున్నితమైనవి. ఆ వేడిలో గాలి నుంచి నీటిలో కరిగే ఆక్సిజన్ లీటరుకు సుమారు 7 మిల్లీగ్రాములే. కణాలు దట్టంగా పెరిగిన తొట్టెలో గాలి సరఫరా ఆగితే అది కొద్ది నిమిషాల్లో హరించుకుపోతుంది. రోజుకొకసారి శాంపిలు తీసి, రంగు కలిపి, మైక్రోస్కోపు కింద చచ్చినవెన్ని, బతికినవెన్ని అని లెక్కపెట్టడం తప్పు కాదు. కాని రాత్రి జరిగింది తెల్లవారితే గాని తెలియదు.

అందుకే తొట్టెలోనే సెన్సార్లు అమరుస్తున్నారు. పొర చెక్కుచెదరని కణం విద్యుత్ క్షేత్రంలో చిన్న కెపాసిటరులా పనిచేస్తుంది. పొర చిరిగి చచ్చిన కణం అలా చేయదు. దీన్ని బట్టి బతికిన కణాలు ఏపాటివో ఎప్పటికప్పుడు తెలుస్తుంది. రామన్ ప్రోబు లేజరు కాంతిని పంపి, చెదిరి వచ్చిన కాంతి నుంచి గ్లూకోజు, లాక్టేటు ఎంతున్నాయో చెబుతుంది. నాణ్యతను చివర్లో పరీక్షించి తెచ్చుకోలేం, తయారీలోనే ఉండాలన్నది 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇచ్చిన మార్గదర్శక సూత్రాల సారాంశం.

“ఇక మనిషెందుకు?” అంటారు మా హాస్టలు మిత్రులు. నేనొప్పుకోను. పీహెచ్ ఎలక్ట్రోడు రోజులు గడిచేకొద్దీ పక్కదారి పడుతుంది. బయట శాంపిలుతో సరిచూడాలి. రామన్ ప్రోబుకు మనిషి కొలిచిన అంకెలతోనే గ్లూకోజు పాఠం నేర్పాలి. ఆ అంకెలు తప్పయితే యంత్రం ఆ తప్పునే పదేపదే ఒప్పజెబుతుంది. బోరు మోటారుకు ఆటో స్టార్టరు పెట్టాక మా నాన్న రాత్రిపూట పొలానికి వెళ్ళడం తగ్గించాడు గాని మానలేదు. కరెంటొస్తే మోటారు తిరుగుతుంది. నీళ్ళు మడిలో పడుతున్నాయో, గండిలో పోతున్నాయో దానికేం తెలుసు?

ఇక మన సంగతి. 1928లో రామన్ ఫలితం వెలువడిన ఫిబ్రవరి 28న, విశాఖపట్నంలో చదువుకున్న ఆ మహనీయుని పటానికి ఏటా దండ వేస్తాం. ప్రాక్టికల్స్‌లో మాత్రం రావలసిన విలువ ముందే తెలుసుకుని, దానికి తగ్గట్టు రీడింగులు రాసుకుంటాం. నేనూ రాశాను. సిగ్గుపడుతున్నాను. ఇదే చెయ్యి రేపు జీనోమ్ వ్యాలీలో సెన్సారును సరిచూడబోతే, ఆ మందు ఎక్కించుకునే రోగి గతేమిటి?

నేను లక్షల పరికరాలు అడగడం లేదు. ఒక ఫ్లాస్కులో పంచదార నీళ్ళు, ఈస్టు, ఒక పీహెచ్ మీటరు, ఒక థర్మామీటరు చాలు. మన హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన హెపటైటిస్-బి టీకా ఈస్టు కణాలతో చేసిందే కదా! వంతులవారీగా ఒక పగలు, ఒక రాత్రి కూర్చుని పది నిమిషాలకోసారి రీడింగు రాద్దాం. గీత వంకరగా వచ్చినా సరే, వచ్చింది వచ్చినట్టు రాసినవారికే మార్కులు వేయవలసిందిగా అధ్యాపకులను వేడుకుంటున్నాను. సోదర విద్యార్థులారా, మొదటి రాత్రి కాపలా నాది. రెండో రాత్రికి ఎవరొస్తారు?