అరవై ఒకటో ఓటు

కొసోవో జాతీయగీతానికి పదాలు లేవు. రాజధాని ప్రిష్టినాలో ప్రభుత్వోత్సవం జరిగినప్పుడు వాద్యబృందం బాణీ వాయిస్తుంది. సభికులు లేచి నిలబడి మౌనంగా వింటారు. 2008 జూన్‌లో ఆ గీతాన్ని ఆమోదించిననాడు, ఏ ఒక్క భాషలో పదాలు కూర్చినా మరొక భాషవారికి అది పరాయి గీతమవుతుందన్న శంక ఉండేది. అందుచేత గీతాన్ని స్వరాలకే పరిమితం చేశారు. పతాకం విషయంలోనూ అంతే. నీలి వస్త్రం మీద బంగారు వన్నెలో దేశపటం. దాని పైన ఆరు తెల్లని నక్షత్రాలు. ఒక్కొక్క నక్షత్రం ఒక్కొక్క జనసముదాయానికి గుర్తు.

ఎవరినీ నొప్పించని పతాకాన్ని, ఎవరినీ నొప్పించని గీతాన్ని తయారు చేసుకోవడం సాధ్యమే. ఎవరినీ నొప్పించని ఎన్నిక మాత్రం లోకంలో లేదు. అక్కడ ఓట్లు లెక్కపెట్టక తప్పదు. ఒకరు గెలవకా, మరొకరు ఓడకా తప్పదు. 2021 ఫిబ్రవరి 14న కొసోవోలో జరిగిన మధ్యంతర ఎన్నికలకు మూలకారణం అటువంటి లెక్కలో తేలిన ఒకే ఒక్క ఓటు. ఆ ఓటు కథ తెలిస్తే, భిన్నజాతులు కలిసి బ్రతకవలసిన ఒక పసి రాజ్యం ఎంత సన్నని దారం మీద నడుస్తున్నదో బోధపడుతుంది.

బాల్కన్ ద్వీపకల్పం నడుమ, సముద్రతీరమన్నది లేకుండా, సుమారు 10,900 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉన్న భూభాగమిది. 2024 జనగణన ప్రకారం జనసంఖ్య 16 లక్షలకు అటూ ఇటూ. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా అల్బేనియన్లు. తక్కినవారిలో సెర్బులు, బోస్నియాకులు, తుర్కులు, రోమాలు, అష్కాలీలు, గోరానీలు ఉన్నారు. ఈజిప్షియన్లని పిలువబడే మరొక చిన్న తెగ కూడా ఉన్నది. మదర్ థెరిసా పుట్టినది పొరుగునున్న స్కోప్యే నగరంలో, అల్బేనియన్ కుటుంబంలో. ప్రిష్టినాలోని ప్రధాన వీథికీ, పెద్ద చర్చికీ ఆమె పేరే పెట్టుకున్నారు.

నెహ్రూ, నాసర్‌లతో చేయి కలిపి అలీనోద్యమానికి ఊపిరి పోసిన టిటో నాటి యుగోస్లావియాలో కొసోవో సెర్బియాకు లోబడిన స్వయంపాలిత రాష్ట్రం. 1974 రాజ్యాంగం దానికి విశేషమైన అధికారాలిచ్చింది. 1989లో స్లొబొడాన్ మిలోషెవిచ్ నాయకత్వాన సెర్బియా వాటిని హరించింది. ఆ తరువాతి దశాబ్దంలో అల్బేనియన్ పిల్లలెందరో ప్రభుత్వ పాఠశాలలకు దూరమై, ఇళ్ళలో నడిచిన బడులలో చదువుకున్నారు. 1998, 1999 సంవత్సరాలలో యుద్ధం వచ్చింది. ఆ యుద్ధంలోనూ, దాని అనంతరమూ మరణించినవారు, జాడ తెలియకుండా పోయినవారు 13,000కు పైగా ఉన్నారు. 1999 మార్చి 24న మొదలైన నాటో విమానదాడులు 78 రోజులు సాగాయి. సెర్బియా సేనలు వైదొలగిన పిమ్మట ప్రతీకారభయంతో వేలాది సెర్బులు ఇల్లూ వాకిలీ విడిచి వెళ్ళారు. కొంతకాలం ఐక్యరాజ్యసమితి పాలన నడిచింది. చివరకు 2008 ఫిబ్రవరి 17న కొసోవో స్వాతంత్ర్యాన్ని ప్రకటించుకున్నది. నూరుకు పైగా దేశాలు ఆ ప్రకటనను గుర్తించాయి. సెర్బియా, రష్యా, చైనా గుర్తించలేదు. భారతదేశమూ గుర్తించలేదు.

నూరు స్థానాలు, ఇరవై స్థానాలు

ఇంతటి వైరం నడిచిన నేల మీద సంఖ్యాబలానికే పాలన వదిలివేస్తే చిన్న సముదాయాలకు దిక్కేమిటి? 2008 రాజ్యాంగకర్తల ముందున్న ప్రశ్న అది. వారు చూపిన ఉపాయం సులభగ్రాహ్యమే. పార్లమెంటులో 120 స్థానాలు. దేశమంతా ఒకే నియోజకవర్గం. పార్టీలకు వచ్చిన ఓట్ల నిష్పత్తిని బట్టి స్థానాలు పంచుతారు. అయితే వాటిలో 20 స్థానాలు అల్పసంఖ్యాక సముదాయాలకే చెందుతాయి. అందులో 10 సెర్బులవి. రోమా, అష్కాలీ, ఈజిప్షియన్ సముదాయాలకు కలిపి 4, బోస్నియాకులకు 3, తుర్కులకు 2, గోరానీలకు 1.

రాజ్యాంగం అంతటితో ఆగలేదు. రాజ్యాంగాన్ని సవరించాలంటే మొత్తం సభలో మూడింట రెండు వంతులే కాక, ఈ ఇరవైమందిలో కూడా మూడింట రెండు వంతులు ఆమోదించాలి. మంత్రివర్గంలో ఒక సెర్బు, మరొక అల్పసంఖ్యాక సముదాయపు వ్యక్తి తప్పక ఉండాలి.

ఈ ఏర్పాటుకు రక్షణ కల్పించడం ఒక ముఖం. రెండవ ముఖం ఆచరణలోనే బయటపడింది. ప్రభుత్వం నిలబడడానికి 61 ఓట్లు కావాలి. అల్బేనియన్ పార్టీలు పలు చీలికలైనప్పుడు, వాటి నడుమ పొత్తు కుదరనప్పుడు, ఆ ఇరవైమందే త్రాసులో ముల్లును కదిలించేవారయ్యారు. 2017లో రాముష్ హరదినాయ్ ప్రభుత్వం సరిగ్గా 61 ఓట్లతోనే ఏర్పడింది. సెర్బు సభ్యుల మద్దతు లేనిదే అది పుట్టేది కాదు. యుద్ధకాలంలో గెరిల్లా సేనాని అయిన వ్యక్తి, నాడు ఎదిరిపక్షమైన జనం ప్రతినిధుల ఓట్లతో ప్రధాని కావడం చరిత్రలోని చిత్రాలలో ఒకటి.

ఇంత సన్నని ఆధిక్యంతో నిలిచిన ప్రభుత్వాలు ఎన్నాళ్ళుంటాయి? స్వాతంత్ర్యం వచ్చిన నాటినుంచి 2021 దాకా అక్కడ ఒక్క ప్రభుత్వమూ నాలుగేండ్ల గడువు నిండుగా పూర్తి చేయలేదు. 2010, 2014, 2017, 2019 సంవత్సరాలలో జరిగిన ఎన్నికలన్నీ గడువుకు ముందే వచ్చినవి.

చెల్లని ఓటు

2019 అక్టోబరు ఎన్నికలలో అల్బిన్ కుర్తి నాయకత్వంలోని వెటెవెండోస్యే పార్టీ 29 స్థానాలతో ప్రథమస్థానంలో నిలిచింది. ఆ పార్టీ పేరుకు ‘స్వయంనిర్ణయం’ అని అర్థం. 28 స్థానాలు గెలిచిన ప్రజాస్వామ్య లీగుతో నాలుగు నెలల బేరసారాల తరువాత 2020 ఫిబ్రవరి 3న సంకీర్ణ ప్రభుత్వం ఏర్పడింది. అది రెండు నెలలైనా నిలువలేదు. కరోనా మహమ్మారిని ఎదుర్కొనే విషయంలో భాగస్వాములు తగవుపడ్డారు. లీగుకు చెందిన ఆంతరంగిక మంత్రిని కుర్తి తొలగించారు. మార్చి 25న 82 ఓట్లతో అవిశ్వాస తీర్మానం నెగ్గింది. ప్రజలు ఇళ్ళలో తలుపులు మూసుకుని ఉన్న వేళ ప్రభుత్వం కూలిపోయింది.

జూన్ 3న లీగు నాయకుడు అవ్దుల్లా హోతి కొత్త ప్రభుత్వాన్ని ప్రతిపాదించారు. అనుకూలంగా వచ్చిన ఓట్లు 61. కావలసినదానికంటె ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. ఆ అరవై ఒక్కమందిలో ఒకరు అష్కాలీ సముదాయానికి చెందిన సభ్యుడు. మోసం కేసులో ఆయనకు అంతకుముందే, 2019లో, ఏడాదికి పైబడిన జైలుశిక్ష ఖాయమైంది. శిక్ష పడిన వ్యక్తి ఓటు చెల్లుతుందా అని కుర్తి పక్షం రాజ్యాంగ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. 2020 డిసెంబరు 21న న్యాయస్థానం చెల్లదన్నది. అరవై ఒకటి అరవై అయింది. ఆరు నెలలకు పైగా దేశాన్ని పాలించిన ప్రభుత్వం సక్రమంగా ఎన్నిక కానేలేదని తేలింది. 40 రోజులలో ఎన్నికలు జరపవలసి వచ్చింది.

ఒక్క ఓటు మహిమ భారతీయులకు తెలియనిది కాదు. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వం 269కి 270 ఓట్ల తేడాతో పడిపోయింది. ముఖ్యమంత్రి పదవి చేపట్టిన తరువాత కూడా లోక్‌సభ సభ్యత్వం వదులుకోని ఒక నాయకుడు ఆనాడు ఓటు వేయడం ఉచితమా కాదా అన్న చర్చ ఏండ్ల తరబడి నడిచింది. ఢిల్లీలో ఆ లెక్కింపు జరిగిననాడే కొసోవో మీద బాంబులు పడుతున్నాయి. ఇరవై ఒక్క సంవత్సరాల తరువాత ఆ కొసోవోలోనే ఒక్క ఓటు గురించిన తగవు తుపాకుల జోలికి పోకుండా న్యాయస్థానంలో తీరింది. ఆ చిన్న రాజ్యం సాధించిన ప్రగతిలో ఇదొకటని ఒప్పుకోక తప్పదు.

ఎన్నికల ప్రచారంలో మరొక విచిత్రం చోటు చేసుకున్నది. ఇతరుని శిక్షను ఎత్తిచూపి ప్రభుత్వాన్ని దించిన కుర్తికే శిక్ష అడ్డుపడింది. పార్లమెంటులో బాష్పవాయువు ప్రయోగించిన కేసులో 2018లో ఆయనకు శిక్ష పడింది. మూడేండ్లు నిండనందువల్ల అభ్యర్థిగా నిలబడే అర్హత లేదని ఎన్నికల సంఘం నిర్ణయించింది. ఆయన పోటీలో లేకుండానే పార్టీని నడిపించారు. ఆయన పక్కన నిలిచినవారు వ్యోసా ఉస్మానీ. అంతకుముందు నవంబరులో అధ్యక్షుడు హాషిమ్ థాచి యుద్ధనేరాల ఆరోపణలను ఎదుర్కొనేందుకు రాజీనామా చేసి హేగ్ నగరానికి వెళ్ళగా, తాత్కాలికాధ్యక్షురాలిగా ఉన్న ఆమె లీగును విడిచి వచ్చారు.

ప్రజల మనసులో ఉన్నవి జాతి సమస్యలకంటె ఇంటి సమస్యలే. ఉద్యోగాలు లేవు. లంచం లేనిదే పని జరగదన్న ఆక్రోశం ఉన్నది. యువకులు జర్మనీకో, స్విట్జర్లాండుకో వలసపోయే దారి వెతుక్కుంటున్నారు. వోటర్ల పట్టికలో దాదాపు 18 లక్షల పేర్లున్నాయి. దేశంలో నివసించేవారు అంతకంటె తక్కువ. పరదేశాలలో ఉన్నవారి పేర్లు కూడా పట్టికలో ఉండడమే దీనికి కారణం. వోటింగు 49 శాతానికి మించకపోవడంలోని మర్మం కూడా కొంతవరకు అదే. విదేశాలనుంచి టపా ద్వారా ఓటు వేసేందుకు దాదాపు లక్షమంది నమోదు చేసుకున్నారు.

ఫలితం స్పష్టంగా వచ్చింది. 26 శాతం ఓట్లున్న వెటెవెండోస్యే ఒక్కసారిగా 50 శాతానికి చేరి 58 స్థానాలు గెలిచింది. ఉస్మానీకి వ్యక్తిగతంగా మూడు లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. ప్రజాస్వామ్య పార్టీకి 19, లీగుకు 15, హరదినాయ్ కూటమికి 8 స్థానాలు దక్కాయి. సెర్బు స్థానాలు పదింటినీ, బెల్‌గ్రేడ్ అండ గల సెర్బు పార్టీయే కైవసం చేసుకున్నది.

అంతటి విజయం తరువాత కూడా లెక్కలో 61కి మూడు తక్కువే. మార్చి 22న సెర్బేతర అల్పసంఖ్యాక సభ్యుల తోడ్పాటుతో 67 ఓట్లు పొంది కుర్తి ప్రధాని అయ్యారు. ఏప్రిల్ 4న 71 ఓట్లతో ఉస్మానీ అధ్యక్షపదవికి ఎన్నికయ్యారు. అప్పటికి ఆమె వయస్సు 38 ఏండ్లు. ఆ ప్రభుత్వం 2025 దాకా, పూర్తి కాలం, నిలిచింది. ఆ దేశంలో అది మొదటిసారి.

ఇబార్ నది మీది వంతెన

ఉస్మానీ పుట్టిన ఊరు మిత్రోవిత్సా. ఇబార్ నది ఆ పట్టణాన్ని రెండుగా చీలుస్తుంది. దక్షిణాన అల్బేనియన్లు, ఉత్తరాన సెర్బులు. నడుమ ఉన్న ప్రధాన వంతెనను ఏండ్ల తరబడి వాహనాలకు మూసి ఉంచి, నాటో సైనికులు కాపలా కాశారు. ఎన్నికల విజయం ఆ వంతెనను దాటలేకపోయింది.

2022 నవంబరులో వాహనాల నంబరు పలకల వివాదం ముదిరి, ఉత్తరాది సెర్బులు పోలీసు ఉద్యోగాలకూ, న్యాయస్థానాలకూ, పురపాలక పదవులకూ, పార్లమెంటుకూ మూకుమ్మడిగా రాజీనామా చేశారు. 2023 ఏప్రిల్‌లో నాలుగు ఉత్తరాది పురపాలికలలో ఎన్నికలు పెడితే సెర్బులు బహిష్కరించారు. ఓటు వేసినవారు నాలుగు శాతం కూడా లేరు. చట్టరీత్యా ఎన్నికైన అల్బేనియన్ మేయర్లు మే నెలలో కార్యాలయాలలో అడుగుపెట్టబోతే ఘర్షణలు చెలరేగి నాటో సైనికులు పలువురు గాయపడ్డారు. ఓట్ల లెక్క సరిగానే ఉన్నది. కాని నూటికి తొంభై ఆరుగురు పెదవి విప్పని చోట గెలుపుకు అర్థమేమిటి?

2025 ఫిబ్రవరి ఎన్నికలలో వెటెవెండోస్యే బలం 48కి తగ్గింది. సభాపతిని ఎన్నుకోవడానికే యాభైకి పైగా ప్రయత్నాలు విఫలమయ్యాయి. సెర్బు సభ్యులలో ఒకరు ఉపసభాపతి కావాలని నియమం. పదిమందిలో తొమ్మిదిమంది ఒక పార్టీవారు. ఒకరు మాత్రం వేరు. చివరకు ఆ ఒక్కరినే ఉపసభాపతిగా ఎన్నుకున్నారు. నియమం అక్షరాలా నెరవేరిందని ఒక పక్షం, తమ ప్రతినిధిని తామే ఎంచుకోలేకపోయామని మరొక పక్షం. ప్రభుత్వం ఏర్పడక 2025 డిసెంబరు 28న దేశం మరొకసారి మధ్యంతర ఎన్నికలకు వెళ్ళింది. ఆ ఎన్నికలలో వెటెవెండోస్యే మళ్ళీ సగానికి పైగా ఓట్లు తెచ్చుకున్నది.

ఒక అష్కాలీ సభ్యుని ఓటు చెల్లదని తేల్చడానికి న్యాయస్థానం చాలింది. ఒక సెర్బు పౌరుడు ఆ పార్లమెంటు తనదని అనుకునేటట్లు చేయడానికి ఏ న్యాయస్థానమూ చాలదు. రాజ్యాంగం పొరుగువానికి సభలో కుర్చీ వేయగలదు. ఆ కుర్చీలో కూర్చున్నవాని మాట చెవిని పెట్టడం మాత్రం మనుషుల వంతు. అరవై ఒకటో ఓటు ప్రభుత్వాన్ని నిలబెడుతుంది. రాజ్యాన్ని నిలబెట్టవలసినది ఆ లెక్కలో ఓడినవారి నమ్మకం. అది కుదిరిననాడు కొసోవో ప్రజలు తమ గీతానికి పదాలు కూడా కూర్చుకోగలరేమో.