ఫోన్‌లో వచ్చిన పాఠానికి సనద్ ఏది?

నల్లగొండ, పాలమూరు కళాశాలల్లో మధ్యాహ్న విరామం వేళ చూస్తే, చెట్ల కింద నలుగురైదుగురు విద్యార్థులు తలలు దగ్గరకు చేర్చి కూర్చుని కనిపిస్తారు. ఒకరి ఫోన్ నుంచి మరొకరి ఫోన్‌కు ఏదో వెళుతూ ఉంటుంది. పరీక్షల కాలమైతే అది పాత ప్రశ్నపత్రమో, ఎవరో రాసుకున్న నోట్సు ఫోటోనో అయి ఉంటుంది. మిగతా రోజుల్లో పాట కావచ్చు, సినిమా కావచ్చు, చూడకూడనిది కూడా కావచ్చు. దూరం నుంచి చూసే అధ్యాపకునికి మాత్రం అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అందుకే గేటు దగ్గరే ఫోన్లు ఆపేయాలన్న మాట తరచుగా వినిపిస్తోంది. మన ఇళ్లలోని పెద్దలు కూడా చాలామంది దీనికి తలూపుతున్నారు. మేము మాత్రం ఏకీభవించలేకపోతున్నాం.

ఈ పంచుకోవడం నిన్నమొన్నటిది కాదు. ఒకప్పుడు బస్టాండు దగ్గరి సెల్ దుకాణంలో పదో ఇరవయ్యో ఇస్తే మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించి ఇచ్చేవారు. తర్వాత బ్లూటూత్ వచ్చింది. ఆపైన షేర్‌ఇట్, క్సెండర్ వచ్చాయి. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 చైనా యాప్‌లలో ఈ రెండూ ఉన్నాయి. అయినా పిల్లలు ఆగలేదు. అదే ఏడాది ఆగస్టులో గూగుల్ నియర్‌బై షేర్ తెచ్చింది. 2024లో దాని పేరు క్విక్ షేర్ అయింది. పనిచేసే తీరు తల్లిదండ్రులు తెలుసుకోదగినదే. రెండు ఫోన్లు బ్లూటూత్‌తో ఒకదాన్నొకటి గుర్తుపట్టి, తమ మధ్య తామే చిన్న వైఫై కల్పించుకుంటాయి. టవర్‌తో పని లేదు, డేటా ఖర్చు కాదు.

డేటా ఖర్చు కాకపోవడమే ఇక్కడ అసలు సంగతి. దేవరకొండ, కోస్గి వైపు పల్లెల నుంచి బస్సు పాసుతో వచ్చే పిల్లలకు నెలనెలా రీచార్జి చిన్న భారం కాదు. 2016లో జియో వచ్చి డేటా చౌక అయిన మాట నిజమే గాని, 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలన్నీ ధరలు పెంచాయి. ఉర్దూ మీడియం వారి అవస్థ మరీ ఎక్కువ. వారి పాఠ్యపుస్తకాలు మన పట్టణాల దుకాణాల్లో సులభంగా దొరకవు. హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం దూరవిద్య పుస్తకాలు పీడీఎఫ్ రూపంలో దొరుకుతాయి. పాత ఉర్దూ పుస్తకాలేమో పేజీ పేజీ ఫోటో తీసినవి, చాలా బరువైన ఫైళ్లు. ఒకరు దించుకుంటే ఇరవై మందికి అందుతాయి.

ఆడపిల్లల సంగతి ఇంకా వేరు. 2020 సెప్టెంబర్ 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో బడి పాఠాలు మొదలైనప్పుడు, ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ ఎవరి చేతికి వెళ్లిందో మనందరికీ తెలుసు. కళాశాలలో ఫోన్ ఆపేస్తే మగపిల్లవాడు సాయంత్రం చాయ్ హోటల్ దగ్గర స్నేహితుని నుంచి నోట్సు తీసుకుంటాడు. వాడి చెల్లెలు ఎక్కడికి వెళ్లి తీసుకోవాలి? నిషేధం అందరికీ ఒకటేనంటారు, నష్టం మాత్రం ఆమెదే.

పాఠాలు నకలు చేసుకోవడం దొంగతనమేనని కొందరి వాదన. దీన్ని న్యాయస్థానం తేల్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆవరణలోని రామేశ్వరి ఫోటోకాపీ దుకాణంపై ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి ప్రచురణ సంస్థలు 2012లో దావా వేశాయి. బోధన నిమిత్తం తీసే నకళ్లకు కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉందని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కొత్త సినిమాకు ఈ మినహాయింపు వర్తించదని వేరే చెప్పనక్కరలేదు.

మమ్మల్ని బాధించే విషయం మరొకటి ఉంది. మదర్సాలో హదీసు చదివే విద్యార్థి మతన్ కంటే ముందు సనద్ చదువుతాడు. ఈ మాట ఎవరు చెప్పారు, ఎవరి నుంచి విన్నారు, ఆయన నమ్మదగినవాడేనా అని చూస్తాడు. గొలుసులో ఒక లంకె తెగితే మాట ఎంత అందంగా ఉన్నా జయీఫే. ఉల్లేఖకుల జీవితాలను పరిశీలించడానికే అస్మావుర్రిజాల్ అనే శాస్త్రం పుట్టింది. అంతటి వారసత్వం గల మన పిల్లలు పేరు లేని, తేదీ లేని నోట్సును నమ్మి పరీక్ష రాస్తున్నారు. రద్దయిన సిలబస్ పాఠం చదివి వచ్చిన వారిని మేము చూశాం. ఇక పాఠాలతో పాటు వచ్చే వదంతుల మాట చెప్పాలా? 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న వీడియోలు మన ప్రాంతాన్ని వణికించాయి. పాత పాలమూరులో భాగమైన జోగులాంబ గద్వాలకు అప్పుడు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపారు. డప్పులతో, పాటలతో అది అబద్ధమని చెప్పించారు. ఆ ఏడాది జూలైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డుకు ఐదు చాట్ల హద్దు పెట్టింది. చేతి నుంచి చేతికి వెళ్లే ఫైలుకు ఆ హద్దు కూడా లేదు. అయితే ఒక మేలుంది. ఇచ్చినవాడు ఎదురుగానే ఉంటాడు, నీకెక్కడిదని అడగవచ్చు. అడగడం నేర్పాలి.

తెలియకుండా తీసిన ఆడపిల్ల ఫోటో ఇలాగే చేతులు మారినప్పుడు జరిగేది మరీ ఘోరం. తీసినవాడి చదువు సాగుతుంది, ఆమె చదువు ఇంటివాళ్లే మాన్పిస్తారు. అశ్లీల దృశ్యాలను పంపడం ఐటీ చట్టం 67వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే మూడేళ్ల వరకు జైలు ఉంటుంది. షీ టీమ్స్ జిల్లాల్లోనూ ఉన్నాయి. పరువు పోతుందని వారి దగ్గరకు వెళ్లని తండ్రులకు మా విన్నపం ఒకటే: అమ్మాయిని కాలేజీ మాన్పించే ముందు ఫిర్యాదు ఇవ్వండి. ఆమె ఫోన్‌లో క్విక్ షేర్‌ను 'కాంటాక్ట్‌లు మాత్రమే' అని మార్చి పెట్టండి, అపరిచితులు ఏదీ పంపలేరు.

మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల పరిధిలోని కళాశాలలకు మా సూచన. గ్రంథాలయంలో ఒక చిన్న కంప్యూటరు, ఒక వైఫై పెట్టె ఉంచండి. ఇంటర్నెట్ అక్కరలేదు. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలుగు, ఉర్దూ వికీపీడియాలు అందులోనే చదువుకోవచ్చు. అధ్యాపకులు తమ పేరు, తేదీ, సిలబస్ సంవత్సరం వేసి నోట్సు అందులో పెడితే, డేటా లేని పిల్లలు కూడా దించుకుంటారు. ఖర్చు కొన్ని వేలు దాటదు. పూర్వ విద్యార్థులను అడిగితే కాదనరు. ఫోన్ అసలే లేని పిల్లల కోసం దాని పక్కనే ఒక ప్రింటరు, నాలుగు రీముల కాగితం కూడా ఉండాలి.