కథ ఎవరి మాట వింటోంది?

పార్వతీపురం: టీవీ సీరియల్‌లో చనిపోయిన మనిషి మళ్లీ బతికి రావడం చూసి నవ్వుకునేవారు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. అయితే ఆ మనిషిని వెనక్కి రప్పించేది చాలాసార్లు చూసే జనమేనన్న సంగతి గమనించాలి.

'కార్తీక దీపం' సంగతే తీసుకుందాం. 2017లో స్టార్ మాలో మొదలైన ఈ సీరియల్‌కు మూలం 'కరుత్తముత్తు' అనే మలయాళ సీరియల్. 2022లో దీప, కార్తీక్ ప్రమాదంలో పోయినట్టు చూపి, కథను ఎదిగిన కూతుళ్ల మీదికి మళ్లించారు. వంటలక్క, డాక్టరు బాబు లేని కథ జనానికి రుచించలేదు. కొద్ది నెలలకే ఇద్దరినీ తిరిగి తీసుకురావలసి వచ్చింది. 2023 జనవరిలో సీరియల్ ముగిసినా, 2024 మార్చిలో అవే పేర్లతో మరో కథ మొదలుపెట్టారు. అరువు తెచ్చుకున్న కథ చివరకు మన జనం కోరిన దారినే నడిచింది.

ఇది కొత్త వింతేమీ కాదు. రామానంద్ సాగర్ తీసిన 'రామాయణ్' 1987 జనవరిలో దూరదర్శన్‌లో ప్రారంభమైంది. 1988లో దానిని పట్టాభిషేకంతో ముగించబోగా, వాల్మీకిని తమ గురువుగా కొలిచే పారిశుద్ధ్య కార్మికులు జలంధర్‌లోనూ మరికొన్ని పట్టణాల్లోనూ సమ్మెకు దిగారు. కుశలవుల కథ కూడా చూపాలన్నది వారి కోరిక. చివరకు ఉత్తర రామాయణం కూడా తీశారు.

ఇంకా వెనక్కి వెళ్దాం. లక్ష్మణుడు గీసిన గీత, వారధికి సాయపడిన ఉడుత వాల్మీకి రామాయణంలో లేవు. ఇటువంటి కథలకు మన రంగనాథ రామాయణం చోటిచ్చింది. అభిమన్యునికి శశిరేఖతో పెళ్లి వ్యాసభారతంలో కనబడదు. కాని 1957లో వచ్చిన 'మాయాబజార్' చూసిన తెలుగువారికి శశిరేఖ లేని భారతం భారతంలాగే తోచదు.

మన ప్రాంతపు జముకుల కథ, తప్పెటగుళ్లు, తోలుబొమ్మలాట జనం ఎదుట సాగేవి. ఏ ఘట్టంలో ఆడవాళ్లు కంటతడి పెట్టారో, ఏ ఘట్టంలో జనం కునుకు తీశారో కథకునికి అక్కడికక్కడే తెలిసిపోతుంది. మర్నాడు పక్క ఊళ్లో ఒక ఘట్టం పెరుగుతుంది, ఇంకొకటి తరుగుతుంది. ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మ మాటకు కూడా అక్కడ విలువ ఉండేది.

టీవీ వారికి ఈ వీలు లేదు. దేశం మొత్తం మీద కొన్ని వేల ఇళ్లలో అమర్చిన మీటర్లను బట్టి వారం వారం రేటింగులు వస్తాయి. ఆ ఇళ్లు ఏవన్నది గోప్యం. కథ మలుపు తిరగాలన్నా, ఆగిపోవాలన్నా ఆ అంకెలే ముఖ్యం. కురుపాం, సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లోని సవర, జాతాపు కుటుంబాల ఇష్టాయిష్టాలు ఆ లెక్కలో ఏ మాత్రం చేరుతున్నాయో విజ్ఞులు ఆలోచించాలి. సీరియళ్లలో ఎటు చూసినా పట్నపు మేడలు, పట్టుచీరలే. పోడు చేసుకునే రైతు, కొండచీపుర్లు నెత్తిన పెట్టుకుని సంతకు దిగే ఆడమనిషి కనబడడం అరుదు.

జనం మాట కథలో కలవడం తప్పు కాదు. కొద్దిమంది మాటే కలవడం అన్యాయం.

అందుచేత ప్రేక్షకులు నచ్చని మలుపు చూసి ఇంట్లో విసుక్కుని ఊరుకోరాదు. తమకేమి కావాలో ఛానళ్లకు ఉత్తరం రాయాలి. మరోవైపు, ఊళ్లలో మిగిలిన వృద్ధ కళాకారుల చేత కథలు చెప్పించి రికార్డు చేయించే పనిని ఐటీడీఏ, జిల్లా అధికారులు, ఉపాధ్యాయులు చేపట్టాలి. చెప్పినవారి పేరు, ఊరు కూడా నమోదు చేసి, తగిన పారితోషికం ఇవ్వాలి. మన అవ్వలు, తాతలు కథల్లో కలిపిన మాటలు వారితోనే పోకూడదు.