నిద్రమాత్ర సరే.. మెలకువ ఎందుకొస్తోంది?

రాజమహేంద్రవరంలో మా మెడిసిన్‌ ఓపీకి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది చేతిలో ఓ ప్లాస్టిక్‌ కవరు ఉంటుంది. అందులో బీపీ, షుగరు మాత్రల మధ్య సగానికి విరిచిన చిన్న మాత్ర ఒకటి కనిపిస్తుంది. ‘ఇదెందుకమ్మా?’ అని అడిగితే, ‘నిద్రకండి. అదేసుకోకపోతే కన్ను మూతపడదండి బాబూ’ అంటారు. ఎవరు రాశారంటే, ఎప్పుడో నాలుగైదేళ్ల కిందటి చీటీ తీస్తారు.

తుంటి ఎముక విరిగి వచ్చిన ఒక పెద్దావిడ కథా అదే. వయసు డెబ్బై దాటింది. అర్ధరాత్రి దాటాక బాత్రూమ్‌కని లేచి, తూలి గుమ్మం దగ్గర పడిపోయారు. ‘చీకట్లో కాలు జారిందండి’ అన్నారు ఇంట్లోవాళ్లు. రోజూ వేసుకునే అరమాత్ర సంగతి ఎవరికీ తట్టలేదు.

రాష్ట్రంలో వృద్ధుల జనాభా పెరుగుతోందని కొంతకాలంగా చర్చ నడుస్తోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సంతానోత్పత్తి రేటు 1.7. జనాభా తగ్గకుండా నిలబడాలంటే అది 2.1 ఉండాలి. స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను 2024 నవంబరులో శాసనసభ తొలగించడానికీ ఇదే నేపథ్యం. పుట్టబోయే పిల్లల గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం. ఇప్పటికే ఇంట్లో ఉన్న పెద్దవాళ్లు రాత్రుళ్లు ఎలా గడుపుతున్నారన్నది మాత్రం ఒక మాత్రతో సరిపెట్టేస్తున్నాం.

వయసుతో ఏం మారుతుంది?

వయసు పెరిగేకొద్దీ గాఢనిద్ర తగ్గుతుంది. త్వరగా నిద్ర ముంచుకొస్తుంది, త్వరగా మెలకువ వస్తుంది. అయితే నిద్ర అవసరం పెద్దగా తగ్గదు. 65 దాటినవారికీ 7-8 గంటలు కావాలి. రాత్రి ఎనిమిదింటికే పడుకున్నవారు మూడున్నరకు లేస్తే అది జబ్బు కాదు, వారి నిద్ర పూర్తయినట్టే. వారానికి మూడు రాత్రులైనా నిద్రపట్టక, అది మూడు నెలలుగా సాగుతూ, పగలు నీరసం, చిరాకు, మతిమరుపు వేధిస్తుంటే అప్పుడు నిద్రలేమిగా చూడాలి.

మాత్ర చేసే పని

ఆ అరమాత్ర చాలాసార్లు అల్ప్రజోలామ్‌. ఆరోగ్యంగా ఉన్న నడివయసువారి రక్తంలో ఇది సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు పడితే, వృద్ధుల్లో సగటున 16 గంటలు పడుతుంది. అంటే రాత్రి పదింటికి వేసుకున్న మందులో సగం మర్నాడు మధ్యాహ్నం రెండింటికీ ఒంట్లోనే ఉంటుంది. తూలడం, పడిపోవడం, మాట మరచిపోవడం.. ‘ముసలితనం’ అని మనం అనుకునేవాటిలో కొన్ని ఈ మందు పుణ్యమే కావచ్చు. గురకతో ఊపిరి ఆగే సమస్య ఉన్నవారికి ఇది మరింత ప్రమాదం.

చట్టం లేక కాదు. ఇది 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్‌ హెచ్‌1 మందుల్లో ఒకటి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. రోగి పేరు, డాక్టరు పేరు, ఎన్ని మాత్రలిచ్చారో రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. పాత చీటీ చూపిస్తే ఏళ్ల తరబడి మందు దొరకడం దుకాణాల తప్పు. ఎన్నాళ్లు వాడాలో రాయకపోవడం మా డాక్టర్ల తప్పు. ఓపీ రద్దీలో మాత్ర రాయడానికి అరనిమిషం చాలు, కారణం అడగాలంటే పావుగంట కావాలి.

ముందు కారణం వెతకాలి

ఆ పెద్దావిడను అడిగితే అసలు సంగతి బయటపడింది. ఆవిడ బీపీ మాత్రలో మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందు కలిసి ఉంది. దాన్ని రాత్రి భోజనం తర్వాత వేసుకుంటున్నారు. దాంతో మూడు నాలుగుసార్లు లేవాల్సి వచ్చేది. ఒక మాత్ర తెచ్చిన మెలకువకు మరో మాత్ర వేసుకుంటున్నారన్నమాట. దాన్ని ఉదయానికి మార్చాం.

మీ ఇంట్లోనూ ఇలా అడిగి చూడండి. మెలకువ మూత్రానికా, మోకాళ్ల నొప్పికా, దగ్గుకా, ఛాతీలో మంటకా? షుగరు అదుపులో ఉందా? ప్రొస్టేట్‌ వాపు ఉందా? గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతున్నారా? భోజనం చేసి పడుకుంటే నాలుగింటిదాకా లేవకపోవడం మన గోదావరి ఇళ్లలో మామూలే. ఆ నిద్రను రాత్రి లెక్కలోంచి తీసేయాల్సిందే. వేసవి ఉక్కపోత సరేసరి. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, ఇంట్లో ఒక్కరే మిగిలినవారికి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మనసు బరువెక్కుతుంటే అది కుంగుబాటు కావచ్చు. టెలీమానస్‌ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్‌ చేయొచ్చు.

దీర్ఘకాల నిద్రలేమికి మాత్రల కన్నా ముందు అలవాట్లను, ఆలోచనలను మార్చే చికిత్స ఇవ్వాలని అమెరికన్‌ కాలేజ్‌ ఆఫ్‌ ఫిజీషియన్స్‌ 2016లోనే సూచించింది. అందులో ఇంట్లో పాటించదగ్గవి ఇవి:

• రోజూ ఒకే వేళకు లేవాలి.
• నిద్ర వస్తేనే మంచమెక్కాలి. ఇరవై నిమిషాలైనా పట్టకపోతే లేచి కూర్చోవాలి.
• పగటి నిద్ర అరగంటే, అదీ మూడింటిలోపే.
• మధ్యాహ్నం దాటాక కాఫీ, టీ వద్దు.
• ఉదయం ఎండ తగిలేలా నడవాలి.
• మంచం నుంచి బాత్రూమ్‌ దాకా చిన్న లైటు వెలగాలి.

ఒక హెచ్చరిక. ఇది చదివి ఈ రాత్రే మాత్ర ఆపేయొద్దు. ఏళ్లుగా వాడి ఒక్కసారిగా మానేస్తే ఆందోళన, వణుకు, ఒక్కోసారి మూర్ఛ కూడా రావచ్చు. డాక్టరు సలహాతో కొన్ని వారాల మీద మోతాదు కొంచెంకొంచెంగా తగ్గించాలి. అలాగే బీపీ మాత్రల వేళలనూ సొంతంగా మార్చకండి.

ఈసారి అమ్మనో నాన్ననో ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు మందుల కవరు మొత్తం పట్టుకెళ్లండి. వారం రోజులు ఎప్పుడు పడుకున్నారో, ఎన్నిసార్లు, ఎందుకు లేచారో ఒక కాగితం మీద రాసివ్వండి. మాకు కావాల్సిన పావుగంటలో సగం ఆ కాగితమే మిగులుస్తుంది.